ఫైలుకి ఎవరు చెప్పారు?

ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

అక్కా,

నీకు నమస్కారం, పిడుగుకి ముద్దులు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. మీరిద్దరూ కులాసా అని నీ ఉత్తరం చెప్పింది. ఉత్తరం నిండా నువ్వు నాకు పెట్టిన చీవాట్లు ఆ మాటని ఇంకాస్త గట్టిగా చెప్పాయి. ప్రతి బుధవారం ఫోన్లో మాట్లాడుకుంటున్నా, నువ్వన్నట్టు ఫోను తిన్నావా, పడుకున్నావా అనడానికే సరిపోతుంది. సంగతులకి ఉత్తరమే కావాలి. నీ ఉత్తరం నా చేతికొచ్చి పదకొండు రోజులైంది. ఇంత ఆలస్యం బద్ధకం వల్ల కాదు. ఎందుకో చదువుతూ ఉంటే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చలి ఉంది గానీ, నువ్వు భయపడ్డంత లేదు. స్వెట్టరు వేసుకుంటున్నాను. చెవులకి మఫ్లరు చుట్టుకోమన్నావు, అది మాత్రం చుట్టుకోను. మా బృందంలో ఆ కుర్ర డాక్టరు ఇప్పటికే నన్ను తాతగారూ అంటున్నాడు. తిండికేం లోటు లేదు. రొట్టె, సూపు, ఉడకేసిన దుంపలు. ఉప్పూ కారం ఉన్నాయో లేవో నాలుకే వెతుక్కోవాలి. చిక్కానా అంటే, బెల్టుకి లోపలివైపు కొత్త చిల్లు పొడిపించాను. నా రాత అధ్వాన్నమైంది, కళ్లజోడు నంబరు మారి ఉంటుందన్నావు. కళ్లజోళ్ల షాపులో ఇరవై ఏళ్లుగా అద్దాలు బిగిస్తున్నదానివి, నీకు లోకంలో ఏ తప్పైనా నంబరు వల్లే జరిగినట్టు కనిపిస్తుంది. నంబరు మారలేదు. నా రాత ఎప్పుడూ కోడి కెలికినట్టే ఉండేది, నువ్వే మర్చిపోయావు.

పిడుగు మార్జిన్లో రాసిన ప్రశ్న చూసి చాలాసేపు నవ్వుకున్నాను. "మామయ్యా, పద్దెనిమిదేళ్లుగా నర్సుగా ఉన్నారు కదా, మళ్లీ చదువేమిటి? ఫెయిలయ్యారా?" అట. దగ్గర దగ్గర అదేనని చెప్పు. పదమూడేళ్లకే ఇంత సూటిగా అడగడం నీ నుంచే వచ్చి ఉంటుంది.

చదువేమిటో కాస్త వివరంగా రాస్తాను. పాతికేళ్ల కిందట వీళ్ల దగ్గర కూడా మా మానసిక ఆసుపత్రి లాంటిదే ఉండేదట. తొమ్మిది వందల మంచాలు, ఎత్తు గోడ, వార్డుకో తాళాల గుత్తి. మెల్లమెల్లగా దాన్ని ఖాళీ చేశారు. అందులో ముప్పై ఏళ్లున్నవాళ్లు కూడా ఇప్పుడు మామూలు వీధుల్లో, మామూలు ఇళ్లలో, ముగ్గురు నలుగురు కలిసి కాపురముంటున్నారు. నర్సులూ డాక్టర్లే వాళ్ల ఇళ్లకి వెళ్లి వస్తారు. మందులు, వంట, బజారు, ఉద్యోగం, ఇరుగుపొరుగుతో మాట, అన్నిట్లో తోడుంటారు. ఆ పని మాకు నేర్పడానికి రెండు దేశాల ఆరోగ్యశాఖలూ కూడబలుక్కుని మా ఆరుగురినీ నాలుగు నెలలకి ఇక్కడికి పంపాయి. తర్వాత వీళ్లలో ఇద్దరు మనవైపు వచ్చి ఏడాదిపాటు ఉంటారు, మా పని నిలదొక్కుకునేదాకా.

మొదటి రోజే మాకొక నియమం చెప్పారు. ఎవరింటికి వెళ్లినా తలుపు తట్టి, లోపలివాళ్లు రమ్మనేదాకా బయటే ఆగాలి. ఇదీ ఒక పాఠమేనా అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, పద్దెనిమిదేళ్లలో వార్డులో ఒక్క తలుపూ తట్టిన గుర్తు లేదు.

మాకు దుబాసీగా ఒక అమ్మాయిని ఇచ్చారు. చురుకైన పిల్ల. మన భాషని పాత పుస్తకాల్లోంచి నేర్చుకుందట. పొద్దున్నే కనిపించి "తమరు ఫలాహారము సేవించితిరా?" అంటుంది. మా సోషల్ వర్కరు ఆవిడని చూసినప్పుడల్లా చొక్కా సర్దుకుంటాడు, రాజసభలో ఉన్నట్టు. ఆవిడ చెప్పినవాటిని నేను మన మాటల్లోకి దించి రాస్తున్నాను. లేకపోతే నీకు ఉత్తరం కాదు, పురాణం అందుతుంది.

నన్నొక పెద్దాయనకి జతచేశారు. జతచేశారనే అనాలి, ఆయన్ని నాకు అప్పగించారంటే ఇక్కడ ఊరుకోరు. వయసు అరవై దాటింది. తాపీ పని చేసేవాడు, కాబట్టి మేమంతా మేస్త్రి అంటాం. ఆ పాత ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లున్నాడు. ఇప్పుడు రెండో అంతస్తులో మరో ఇద్దరితో కలిసి ఉంటున్నాడు. వంటింటి గోడకి సున్నం పెచ్చులూడితే తనే బాగుచేసుకున్నాడు. గుడ్డతో తుడిస్తే అద్దంలా ఉంటుంది ఆ గోడ. చెవిలో మాటలు ఆయనకి ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటాయి. "పోలేదు. పొయ్యి దగ్గరున్నప్పుడు మాత్రం మాట్లాడొద్దని చెప్పుకున్నా. సగం రోజులు వింటాయి," అన్నాడు.

వారానికి మూడు రోజులు నేనాయనతో ఉండాలి. ఆయన చేసుకోగలిగిన పనిలో నేను చెయ్యి పెట్టకూడదు, ఎంత ఆలస్యమైనా సరే. నా చేతులు ఊరుకుంటాయా? మొదటి రోజు భోజనాలయ్యాక ఆయన గిన్నెలు కడిగి ఆరబెడుతున్నాడు. నేను పక్కన నిలబడి, నాకు తెలియకుండానే చెంచాలు, కత్తులు లెక్కపెడుతున్నాను. వార్డులో పూటపూటా లెక్కపెట్టి తాళం వెయ్యడం అలవాటు కదా.

"ఏం లెక్కపెడుతున్నావు?" అన్నాడు మేస్త్రి.

"చెంచాలు," అన్నాను సిగ్గుపడి.

"ఎన్నున్నాయి?"

"తొమ్మిది."

"మా ఇంట్లో పదకొండు ఉండాలి. రెండు జేబులో వేసుకున్నావా ఏంటి?"

ఇల్లంతా నవ్వింది. దుబాసీ అమ్మాయి నవ్వు ఆపుకోలేక అనువాదం కూడా మర్చిపోయింది. నేనూ నవ్వాను గానీ, ఆ రోజు గదికి వచ్చాక నవ్వు రాలేదు.

ఇంటి అద్దె కాగితాల్లో తన పేరు కూడా ఎక్కించుకోవాలని మేస్త్రికి ఎన్నాళ్లుగానో కోరిక. ఆఫీసు అయిదు స్టాపుల దూరం. ఆయనకి బస్సులో జనం ఊపిరాడనివ్వరు. మొదటిసారి రెండో స్టాపులోనే దిగిపోయాం, నడిచి వెనక్కి వచ్చాం. రెండోసారి నాలుగు స్టాపులు. మూడోసారి చేరాం. ఈ మూడు ప్రయాణాలకి వారం పట్టింది. మన ఊళ్లోనైతే నేను ఆటోలో కూర్చోబెట్టి గంటలో పని ముగించేవాణ్ణి. కౌంటర్లో గుమస్తా నా వైపు చూసి, "ఈయనకి ఏం కావాలి?" అన్నాడు. నేను వెంటనే చెప్పడం మొదలుపెట్టాను. మేస్త్రి అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచి ఏదో అన్నాడు. గుమస్తా పడీపడీ నవ్వాడు. దుబాసీ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. "తమ నోరు ఇంకనూ తమ యొద్దనే ఉన్నదని వీరు మనవి చేయుచున్నారు," అంది. ఆయన అన్నది అది కాదని, అంత మర్యాదగా అనలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఏదైతేనేం, తన పేరు తనే చెప్పుకున్నాడు, తనే సంతకం పెట్టాడు. బయటికొచ్చాక ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. మడత పెట్టమంటే నలుగుతుందని పెట్టలేదు. ఇంటిదాకా రెండు చేతులతో పట్టుకుని నడిచాడు.

ఇందులో కొంత పోయిన ఉత్తరంలోనే రాశాను, అది చదివే నువ్వు బావ సంగతి ఎత్తావు. పోయిన నెల బావని చూడ్డానికి వెళ్లావని, చిక్కాడని, జుట్టు చాలా నెరిసిందని రాశావు. పిడుగు స్కూలుకి బస్సులో వెళ్తోందా, ఫుట్‌బోర్డు మీద నిలబడనివ్వకు అన్నాడని రాశావు. దాదాపు పన్నెండేళ్లు మా వార్డులో ఉన్నా ఆయనలోని కండక్టరు ఎక్కడికీ పోలేదు. భోజనాల దగ్గర వరస కదలకపోతే, "ముందుకి జరగండి బాబూ, లోపల ఖాళీ ఉంది," అంటాడు. జరుగుతారు కూడా. నేను అరిచినా జరగనివాళ్లు ఆయన మాటకి జరుగుతారు.

ఆ తర్వాత నువ్వొక ప్రశ్న అడిగావు. దాని దగ్గరే నా కలం పదకొండు రోజులు ఆగిపోయింది. దాని సంగతి చెప్పేముందు ఇక్కడ మా తరగతిలో జరిగింది చెప్పాలి.

మాకు పాఠం చెప్పే టీచరమ్మ ఆ పాత ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసింది. అరవై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల నొప్పులు, కుర్చీలో కూర్చునేటప్పుడు "అమ్మయ్య" అన్నట్టే ఏదో అంటుంది, దానికి అనువాదం అక్కర్లేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆవిడ మా అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చింది. "మీ వార్డులో చాలాకాలంగా ఉన్న ఒక్క మనిషిని తలుచుకోండి. వాళ్లింకా అక్కడే ఎందుకున్నారో ఒక్క వాక్యంలో రాయండి," అంది.

మిగతావాళ్లు ఎవరెవరినో తలుచుకున్నారు. నాకు బావ తప్ప ఇంకో మొహం రాలేదు. నీ ఉత్తరం జేబులోనే ఉంది మరి. మా బావ అని రాయలేదు, కండక్టరు అని రాశాను. నా వంతు వచ్చింది. లేచి చదివాను.

"ఇంట్లో చూసేవాళ్లు లేరు."

"ఎవరు చెప్పారు?" అంది టీచరమ్మ.

"ఫైల్లో ఉందండీ."

"ఫైలుకి ఎవరు చెప్పారు?"

అక్కా, ఆవిడ కోపంగా అడగలేదు. అందర్నీ అలాగే అడుగుతోంది. మా కుర్ర డాక్టరు "తెలీదండీ, కనుక్కుంటాను" అని కూర్చున్నాడు. నేనూ అలాగే అని కూర్చోవచ్చు. కానీ నీ ప్రశ్న కూడా అక్కడే నిలబడి ఉంది, టీచరమ్మ పక్కన.

నువ్వేం రాశావో నీ మాటల్లోనే రాస్తాను. "ఆ రోజు నేను మీ బావని తీసుకెళ్తానంటే డాక్టరు గారు వద్దన్నారు కదా. అక్కడి డాక్టర్లు ఎందుకు వద్దనరు? వాళ్లకి భయం వెయ్యదా?"

మన డాక్టరు కూడా వద్దనలేదక్కా.

ఈ ముక్క రాసి, లేచి బయట ఒక చుట్టు తిరిగి వచ్చాను. ఇంక ఆగకుండా రాసేస్తాను. నువ్వు కూడా ఆగకుండా చదువు.

బావ మా వార్డులో చేరి తొమ్మిది నెలలైంది అప్పటికి. బాగా కుదుటపడ్డాడు. బస్సులో ఎక్కేవాళ్లంతా తనని పట్టుకోవడానికి వచ్చినవాళ్లన్న భయం పోయింది. డాక్టరు ఆ సోమవారం పొద్దున్న ఆయన్ని పరీక్ష చేసి, ఇంటికి పంపవచ్చు, నెలనెలా మందులకి వస్తే చాలు అన్నారు. నీకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది. రెండేళ్ల పిడుగుని చంకనేసుకుని వచ్చావు. చేతి సంచిలో ఇస్త్రీ చేసిన చారల చొక్కా ఉంది, ఆయన వేసుకుని ఇంటికి రావడానికి. వరండాలో నేను నీకు ఎదురొచ్చాను. "డాక్టరు ఇప్పుడే వద్దంటున్నారక్కా. ఇంటికి తీసుకెళ్తే ప్రమాదమట," అన్నాను. నువ్వు డాక్టరుతో ఒకసారి మాట్లాడతానన్నావు. ఆయన రౌండ్లలో ఉన్నారన్నాను. ఆయన ఆ పక్క గదిలోనే ఉన్నారు, తలుపు కూడా తీసే ఉంది. నేను దానికి అడ్డంగా నిలబడ్డాను. నువ్వు ఆ చొక్కా నా చేతిలో పెట్టి, "పోనీ వార్డులోనైనా వేసుకోమను" అని వెళ్లిపోయావు.

తర్వాత గదిలోకి వెళ్లి డాక్టరుతో, "ఇంట్లో చూసేవాళ్లు లేరు సార్. అక్కకి ఉద్యోగం, చంటిపిల్ల," అన్నాను. ఆయన నా మొహం చూశారు. సొంత తమ్ముణ్ణి, అదే వార్డు నర్సుని, నా మాట ఎందుకు నమ్మరు? ఫైల్లో రాశారు. అక్కడినుంచి బావ మంచం దగ్గరికి వెళ్లి, "అక్కకి ఇప్పుడు వీలు కాదట బావా. అడిగి ఇబ్బంది పెట్టకు," అని చొక్కా ఇచ్చాను.

ఒకే పూట మూడు అబద్ధాలు, ముగ్గురికి. అవి ఒకదాన్నొకటి బయటపెట్టకుండా నాలుగోది కూడా ఆడాను. ఆయన ముందు ఇంటి మాట ఎత్తకు, జబ్బు తిరగబెడుతుందని నీకు చెప్పాను. నువ్వు నిజమని నమ్మి నోరు కట్టేసుకున్నావు. నీకు ఇష్టం లేదని నమ్మి ఆయన నోరు కట్టేసుకున్నాడు. పదకొండేళ్లుగా మీరిద్దరూ చూడ్డానికొచ్చేవాళ్ల గదిలో బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని, పిడుగు చదువు, కూరగాయలు, వానలు, అన్నీ మాట్లాడుకున్నారు. మాట్లాడుకోవాల్సిన ఒక్క మాట తప్ప. ప్రతిసారీ నేను పక్కనే ఉండేవాణ్ణి. తమ్ముడు ఎంత శ్రద్ధగా దగ్గరుండి చూసుకుంటున్నాడో అని నువ్వు పదిమందికీ చెప్పుకునేదానివి. నేను మీకు తోడుగా ఉండలేదక్కా, కాపలా ఉన్నాను.

ఎందుకు చేశావురా అంటావు. బావని చేర్చిన రోజు నీ మణికట్టుకి పిండికట్టు ఉంది. ఆయన కొట్టలేదురా, బయటివాళ్లు వస్తారని భయపడి తలుపు వేసుకున్నాడు, నా చెయ్యి మధ్యలో పడింది అని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నా చెవికెక్కలేదు. అద్దాలు బిగించే చెయ్యి, మన ముగ్గురికీ అన్నం పెట్టిన చెయ్యి అది. అమ్మ పోయాక నాకు తల దువ్విన చెయ్యి. ఇంకోసారి అలా జరిగితే అన్న భయం నన్ను పట్టుకుంది. నీకోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం కూడా రాసేస్తాను. బావ ఇంటికొస్తే ఏ కష్టమొచ్చినా నన్నే పిలుస్తావు, వార్డులో చేసేది చాలక ఇంటి దగ్గర కూడా అదే చెయ్యాలా అనిపించింది. అప్పుడే నాకు పెళ్లి సంబంధం ఒకటి వచ్చింది. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నాడంటే వాళ్లేమంటారో అని కూడా అనుకున్నాను. ఆ సంబంధం ఎలాగూ తప్పిపోయింది.

ఆరు నెలలు గడవనిచ్చి నేనే తీసుకెళ్లమందామనుకున్నాను. ఈలోగా డాక్టరు బదిలీ అయ్యారు. కొత్తాయన ఫైలు తిరగేసి, ఆ ఒక్క ముక్క చూసి మూసేశారు. ఆ తర్వాతాయనా అంతే. రెండో ఏడు బావకి మళ్లీ జబ్బు ముదిరినప్పుడు, చూశావా, నేనే కరెక్టు అనుకున్నాను. ఆయన గోడకి తల ఆనించి వణికిపోతుంటే నాకు లోపల ఊరటగా అనిపించింది. నేను చేసిన అన్నిట్లోకీ నాకు ఎక్కువ సిగ్గు దానికే.

ఇప్పుడు తరగతి సంగతి. ఫైలుకి ఎవరు చెప్పారని టీచరమ్మ అడిగితే, "నేను" అన్నాను. దుబాసీ అమ్మాయి నాకు ప్రశ్న అర్థం కాలేదనుకుని మళ్లీ చెప్పింది. "అర్థమైందమ్మా. నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను. ఆయన మా బావ," అన్నాను. ఆ పిల్ల తన సొంత భాషలోనే అయినా పెద్ద పెద్ద మాటలు వాడలేదు. చాలా చిన్న మాటల్లో, మెల్లగా టీచరమ్మకి చెప్పింది.

తరగతి అయ్యాక టీచరమ్మ నన్ను ఉండమంది. తిడుతుందేమో, ఓదారుస్తుందేమో, రెంటికీ సిద్ధపడ్డాను. రెండూ చెయ్యలేదు.

"ఆ వాక్యం నా చేత్తో నేను ముప్పైనాలుగు మందికి రాశాను. కొందరికి నిజంగానే ఎవరూ లేరు. కొందరిని అడక్కుండానే రాసేశాను. తర్వాత వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లాను. కొందరు కూర్చోబెట్టారు, కొందరు మొహం మీదే తలుపేశారు," అంది.

"నేనేం చెయ్యనండీ?" అన్నాను.

"నాకెందుకు చెబుతున్నావు? నువ్వు దాచింది నా దగ్గర కాదుగా. ఎవరి దగ్గర దాచావో వాళ్లకి చెప్పు. మొదట ఆ బావకి. అతను నీ పేషెంటు కూడా."

దానికీ వారం రోజులు తీసుకున్నాను. గురువారం మధ్యాహ్నం మా వార్డు పెద్ద సిస్టరుకి ఫోను చేసి అంతా చెప్పాను.  ఆవిడ, బావ దగ్గర తను కూర్చుంటానని, ఆయనకి తట్టుకోవడం కష్టంగా ఉంటే అక్కడితో ఆపేస్తానని చెప్పి, ఫోను వీడియోలో పెట్టింది. బావ మంచం అంచున కూర్చున్నాడు. నిజమే అక్కా, బాగా నెరిశాడు.

"బావా, ఆ సోమవారం అక్క నిన్ను ఇంటికి తీసుకెళ్దామనే వచ్చింది. నేనే ఆపాను. వీలు కాదందని నీకు అబద్ధం చెప్పాను," అన్నాను. 

ఆయన ఫోనుకేసి కాకుండా తన మోకాళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత, "ఆ చారల చొక్కా..." అన్నాడు.

"అవును బావా."

"ఇంటికి వేసుకురమ్మని తెచ్చిందా?"

"అవును."

"నేనింకోలా అనుకున్నా. ఇంక నువ్వక్కడే ఉండు, నీ బట్టలు పంపించేస్తున్నా అన్నట్టు పంపిందనుకున్నా."

పక్కకి తిరిగి పెద్ద సిస్టరుతో, "మా ఆవిడ నన్ను తీసుకెళ్లడానికే వచ్చిందట సిస్టరు గారూ," అన్నాడు. అవతలి మంచం మీద పడుకున్నాయన్ని లేపి మరీ చెప్పాడు. "ఏమయ్యా, విన్నావా? మా ఆవిడ వచ్చిందట." ఆ నిద్రకళ్లాయన "ఎక్కడా?" అని తలుపు వైపు చూశాడు. బావ నవ్వాడు. నవ్వుతూనే మొహం తుడుచుకున్నాడు.

"నా మీద కోపం లేదా బావా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఎందుకు లేదు? ఇప్పుడే మొదలైంది. ఎంతుందో ఇంకా చూసుకోలేదు," అన్నాడు. తర్వాత, "ఆవిడకి చెప్పావా?" అన్నాడు.

"ఇంకా లేదు. బుధవారం ఫోన్లో చెబుతాను."

"ఫోన్లో వద్దు. నువ్వు ఏడుస్తావు, ఆవిడ జాలిపడుతుంది. చిన్నప్పట్నుంచీ మీ ఇద్దరిదీ అదే వరస. ఉత్తరం రాయి. తీరిగ్గా కోప్పడనీ."

అందుకే ఈ ఉత్తరం.

మర్నాడు ఒక కాగితం రాసి మా కుర్ర డాక్టరు చేత ఈ-మెయిల్లో ఆసుపత్రికి పంపించాను. పదకొండేళ్ల కిందట ఈ ఫైల్లో ఎక్కిన వాక్యం నిజం కాదని, ఈయనకి భార్య ఉందని, తీసుకెళ్లడానికి వచ్చిందని, అబద్ధం చెప్పింది నేనని రాసి, పేరు, ఉద్యోగం నంబరు వేసి సంతకం పెట్టాను. పెద్ద సిస్టరు దాన్ని ఫైల్లో పాత కాగితం మీదే కుట్టించానని చెప్పింది. మెమో రావచ్చు. వెనక్కి వచ్చాక నన్ను ఈ కొత్త పనిలో ఉంచుతారో ఉంచరో కూడా తెలీదు. ఉంచితే మేస్త్రికి మంచి శిష్యుణ్ణి అనిపించుకోవాలని ఉంది. ఉంచకపోతే దాన్ని అన్యాయమనను.

ఒక్కటి మాత్రం అపార్థం చేసుకోకు. బావని తీసుకెళ్లమని అడగడానికి రాయలేదు నేను. అప్పుడు నువ్వు సిద్ధపడి వచ్చావు. ఇప్పుడు నీ ఇల్లు వేరు, నీ అలవాట్లు వేరు, పిడుగు ఎదిగింది. నీకు వద్దనిపిస్తే వద్దని చెప్పే హక్కు నీకుంది, దానికి ఎవరూ నిన్ను వేలెత్తి చూపరు. ఇక్కడివాళ్లు వచ్చాక మా ఆసుపత్రి దగ్గర్లోనే ఒక ఇల్లు అద్దెకి తీసుకుని మొదట అయిదుగురితో మొదలుపెడతారు. బావకి ఇష్టమైతే అందులో ఉండవచ్చు. ఎక్కడ ఉంటాడో ఆయన నోటితో ఆయనే చెబుతాడు. నువ్వేమనుకుంటున్నావో నువ్వు చెబుతావు. పెద్ద సిస్టరు మీ ఇద్దరికీ తన గది ఇస్తానంది. ఎవరూ ఉండరు, నేనసలే ఉండను. ఇంటి మాట ఎత్తు. జబ్బు తిరగబెట్టదు. ఆ మాట నేను కల్పించిందే. పిడుగుకి ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. నా గురించి తగ్గించి మాత్రం చెప్పకు.

వచ్చే నెల ఇరవై ఏడున బయల్దేరుతున్నాను. ఎదురు రావద్దు. నాలుగు రోజులు పట్టనీ, నాలుగు నెలలు పట్టనీ, నువ్వు మాట్లాడాలనుకున్నప్పుడే మాట్లాడు.

ఫోను పెట్టేసేముందు బావ నీకు ఒక మాట రాయమన్నాడు. ఎక్కువ తక్కువ చెయ్యకుండా తను చెప్పింది చెప్పినట్టు రాయమని, నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఆ సోమవారం నేను పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, మంచం మీద దుప్పటి మడతపెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆవిడకి ఈ సంగతి తెలియాలి."

ఇట్లు,
నువ్వు కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగి, నీకే అబద్ధం చెప్పిన
నీ తమ్ముడు